డ్రాగన్ బొమ్మ, కింద ఇంగ్లీషులో ట్రేడ్ డాలర్: ఇది నిజంగా జపాన్ నాణెమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. తాతమ్మగారి ఇనప్పెట్టెలో రాణి రూపాయలతో పాటు ఒక పెద్ద వెండి బిళ్ల దొరికింది. ఆవిడ నాన్నగారు పినాంగ్‌లో పనిచేసి వచ్చారు. బిళ్లకు ఒకవైపు డ్రాగన్, దాని కింద ఇంగ్లీషులో "420 గ్రెయిన్స్, ట్రేడ్ డాలర్, 900 ఫైన్" అని ఉంది. రెండోవైపు ఆకుల దండ మధ్య మూడు అక్షరాలు. కంసాలి షాపులో తూకం వేయిస్తే 27.1 గ్రాములు వచ్చింది. "జపాన్ డబ్బు యెన్ కదా, డాలర్ ఏమిటి, మళ్లీ ఇంగ్లీషేమిటి, ఎవరో బొమ్మకు చేసి ఉంటారు" అని మీ అన్నయ్య కొట్టిపారేశారు. ఇది అసలుదా, నకిలీదా, ఎంత పలుకుతుంది అని మీరు అడుగుతున్నారు.

సూటిగా చెప్పాలంటే: జపాన్ ప్రభుత్వం డాలర్ పేరుతో నిజంగానే వెండి నాణెం వేసింది. 1875 నుంచి 1877 వరకు, మూడేళ్లే. ఆ మూడు అక్షరాలకు అర్థం "వ్యాపారపు వెండి". కొత్తగా ఉన్నప్పుడు దాని బరువు 420 గ్రెయిన్లు, అంటే 27.22 గ్రాములు, కాబట్టి చేతులు మారి అరిగిన బిళ్ల 27.1 తూగడం సహజమే. తూకం వరకు మీ అన్నయ్యగారు ఓడిపోయారు. కానీ బరువు ఒక్కటి సరిపోయిందని అసలుదే అని రాసివ్వలేను. ఈ నాణేనికి ఉన్నన్ని నకిలీలు నేను చాలా తక్కువ నాణేలకు చూశాను. ఇంకొన్ని పరీక్షలు ఇంట్లోనే చేయొచ్చు, కింద చెప్తాను. ఈలోగా దయచేసి దాన్ని తోమకండి.

ముందు మీ అన్నయ్యగారి అనుమానం తీరుద్దాం. అది తెలివైన అనుమానమే. సొంత డబ్బు మీద పరాయి భాషలో బరువు, స్వచ్ఛత రాసుకోవాల్సిన అవసరం ఏ దేశానికైనా ఎందుకు వస్తుంది?

నాణేనికి రెండు విలువలు ఉంటాయి. ముద్ర విలువ ఒకటి, తూకం విలువ ఒకటి. ఊళ్లో ముద్ర చాలు, ఊరు దాటితే తూకమే మాట్లాడుతుంది. జపాన్ ఈ సంగతి చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది.

మెయిజీ కాలానికి, అంటే 1868లో మొదలైన చక్రవర్తి పాలనకు ముందు అక్కడ ర్యో, బు, షు అనే లెక్క. ఒక ర్యోకు 4 బులు, 16 షులు. మన రూపాయికి 16 అణాలున్నట్టే. ర్యో అంటే కోబాన్ అనే బంగారు బిళ్ల, కోలగా, పలచగా ఉండేది. ఇచిబు, అంటే ఒక బు, చిన్న నలుపలకల వెండి బిళ్ల, నాలుగిస్తే ఒక కోబాన్. అయితే ఆ ఇచిబులో ఉన్న వెండికి అంత విలువ లేదు. ప్రభుత్వ ముద్ర ఉంది కాబట్టి దేశం లోపల చెల్లేది, అంతే. దేశం తలుపులు మూసి ఉన్నంతకాలం ఎవరికీ ఇబ్బంది రాలేదు.

1858 ఒప్పందంలో అమెరికా తరఫున టౌన్‌సెండ్ హారిస్ ఒక షరతు పెట్టించాడు: విదేశీ నాణేలు జపాన్ నాణేలతో బరువుకు బరువు మారాలి. 1859లో యొకొహామా రేవు తెరిచారు. ఇక చూడండి లెక్క. విదేశీ వర్తకుడు 4 మెక్సికో వెండి డాలర్లు తెస్తాడు. బరువు ప్రకారం డాలరుకు 3 చొప్పున 12 ఇచిబులు వస్తాయి. వాటికి 3 కోబాన్‌లు వస్తాయి. ఆ బంగారాన్ని షాంఘైలో అమ్మితే 12 డాలర్లకు అటూ ఇటూగా ముడతాయి. ఓడ ఎక్కి దిగేసరికి నాలుగు పన్నెండయ్యాయి! బయటి ప్రపంచంలో బంగారం వెండికి సుమారు 15 రెట్లు ఉంటే, జపాన్ లోపల 5 రెట్లే ఉండటం వల్ల వచ్చిన గండి ఇది. 1860లో షోగున్ (అప్పటి సైనిక పాలకుడు) ప్రభుత్వం కోబాన్‌లో బంగారాన్ని మూడో వంతుకు కోసేసి గండి పూడ్చింది. వరద ఆగింది గానీ ధరలు ఆకాశానికెక్కాయి, జనం మండిపడ్డారు, ప్రభుత్వం పరువు పోయింది. ఎనిమిదేళ్లు తిరక్కుండానే ఆ ప్రభుత్వమే లేకుండా పోయింది. దానికి ఇదొక్కటే కారణం అనను, కారణాల్లో ఇదీ ఒకటి.

కొత్తగా వచ్చిన మెయిజీ ప్రభుత్వానికి దక్కింది ఒక చిందరవందర సంత. పాత బంగారం, కల్తీ బంగారం, తూచి ఇచ్చే వెండి ముద్దలు, సంస్థానాలు ఎవరికి వారు అచ్చేసుకున్న కాగితాలు. విదేశీ రాయబారులు రోజూ వచ్చి గొడవ. అందుకే నమ్మదగ్గ టంకశాల ఒకటి కావలసి వచ్చింది.

ఈ టంకశాల ఎలా వచ్చిందన్నది నాకు చాలా ఇష్టమైన భాగం. హాంకాంగ్‌లో బ్రిటిష్ వాళ్లు 1866లో ఒక టంకశాల తెరిచారు. రాణి బొమ్మతో వెండి డాలర్లు వేశారు. అవి పెద్దగా ఆడలేదు, నష్టాలొచ్చాయి, 1868లో మూసేశారు. ఆ యంత్రాలను జపాన్ 60,000 డాలర్లకు కొనేసింది. నాగసాకి వర్తకుడు థామస్ గ్లోవర్ బేరం కుదిర్చాడు. హాంకాంగ్‌లో ఆ టంకశాల నడిపిన థామస్ కిండర్‌నే తెచ్చి ఒసాకాలో కూర్చోబెట్టారు. 1871 ఏప్రిల్ 4న ఒసాకా టంకశాల మొదలైంది. సెకండ్ హ్యాండ్ మిషన్లు, ఉద్యోగం పోయిన దొర. దేశం మొత్తం డబ్బు తిరగరాయడానికి పెట్టిన పెట్టుబడి ఇది! మా అబ్బాయి ఉద్యోగం మీద అక్కడ ఉన్నప్పుడు ఆ టంకశాల మ్యూజియం చూశాను. ఎర్ర ఇటుకల భవనం, పక్కన నది. అక్కడి చెర్రీ చెట్ల దారిలోకి 1883 నుంచి ఏటా పూలకాలంలో జనాన్ని రానిస్తున్నారు. ఎక్కువమంది పూలకోసం వస్తారు. నాణేల గదిలో నేనూ ఇంకో ముసలాయనా, ఇద్దరమే.

డ్రాగన్ సంగతి కూడా చెప్పేస్తాను. ఐరోపా నాణేల మాదిరిగా చక్రవర్తి ముఖం వేద్దామన్న మాట వచ్చింది. నలుగురి చేతుల్లో నలిగే డబ్బు మీద ఆయన ముఖమా, అపచారం అని మానేశారు. ఆయన బదులు డ్రాగన్. చెక్కింది కానో నత్సువో. కత్తుల పిడులకు నగిషీలు చెక్కే పనితనం ఆయనది. అచ్చులు ఇంగ్లండ్‌లో చేయిద్దామనుకున్న దొరలు ఆయన పని చూశాక ఆ ఆలోచన మానుకున్నారు. మీ నాణెం మీద పొలుసులను భూతద్దంలో చూడండి. ఒక్కో పొలుసు విడివిడిగా కనిపించాలి. నకిలీల్లో చేప పొలుసులు అంటుకుపోయినట్టు ఉంటాయి.

1871లో కొత్త నాణేల చట్టం వచ్చింది. యెన్, యెన్‌లో నూరో వంతు సెన్, సెన్‌లో పదో వంతు రిన్. అన్నీ పదుల లెక్క. యెన్ అంటే "గుండ్రం" అనే అర్థం. పాత కోల బిళ్లలూ నలుపలకలవీ పోయి గుండ్రటివి వచ్చాయన్నమాట. చైనా యువాన్‌కూ, కొరియా వాన్‌కూ అదే అక్షరం మూలం. మొదట వెండినే ఆధారం చేద్దామనుకున్నారు. అప్పుడు డబ్బు పద్ధతులు చూడటానికి అమెరికా వెళ్లిన ప్రభుత్వ అధికారి ఇతో హిరోబుమి "ప్రపంచం బంగారం వైపు పోతోంది, మనమూ అటే పోదాం" అని రాశాడు. దాంతో చట్టంలో 1 యెన్ అంటే 1.5 గ్రాముల బంగారం అని పెట్టారు. వెండి యెన్‌ను మాత్రం రేవు పట్టణాల్లో విదేశీ వ్యాపారానికి ఉంచారు. ఇంట్లో బంగారం, వీధిలో వెండి.

వీధిలో ఎందుకు వెండి? తూర్పు ఆసియా రేవులన్నింటా రాజ్యం మెక్సికో డాలర్‌ది. చైనా వర్తకుడికి టీ, పట్టు అమ్మాలంటే అది ఇవ్వాలి. జపాన్ ఆలోచన సులువు: మెక్సికో డాలర్‌కు దీటైన బిళ్ల మనమే వేస్తే సరి! వెండి యెన్ బరువు 416 గ్రెయిన్లు, అంటే 26.96 గ్రాములు. నూటికి 90 వెండి, 900 ఫైన్ అంటే ఇదే. 1874 నుంచి ఆ బరువూ స్వచ్ఛతా ఇంగ్లీషులో నాణెం మీదే వేశారు. ఆ ఇంగ్లీషు జపాన్ వాళ్ల కోసం కాదు. రేవులో అవతలివాడు త్రాసు తీయకముందే "నా బరువు ఇది, నా స్వచ్ఛత ఇది" అని నాణెమే చెప్పుకోవడానికి. మందు సీసా మీద చీటీ ఉన్నట్టు.

కానీ లెక్కలో ఒక చిన్న మెలిక. మెక్సికో డాలర్‌లో అసలు వెండి సుమారు 24.44 గ్రాములు. యెన్‌లో 24.26. రేవు వర్తకుడికి ఆ తేడా చాలు, బేరం ఆడటానికి. ఇంతలో 1873లో అమెరికా కూడా 420 గ్రెయిన్ల ట్రేడ్ డాలర్ తీసుకొచ్చింది. జపాన్ చూసింది, 1875లో తనూ 420 గ్రెయిన్లకు పెంచింది. అసలు వెండి 24.49 గ్రాములు, మెక్సికోను దాటేసింది. పేరు కూడా ట్రేడ్ డాలర్ అనే పెట్టింది. మీ చేతిలో ఉన్నది అదే. పాత యెన్‌కూ దీనికీ తేడా 4 గ్రెయిన్లు, పావు గ్రాము!

ఆ పావు గ్రామే కొంప ముంచింది. డబ్బు పరీక్షించి మార్చే మన షరాబులను ఒక్కసారి ఊహించుకోండి. ఒకే విలువకు రెండు బిళ్లలు వస్తున్నాయి, ఒకటి కాస్త బరువు. బరువుది పెట్టెలోకో కరిగించే మూసలోకో పోతుంది, తేలికది బజారులోకి పోతుంది. తాజా వెండి కావాల్సినవాడికి ట్రేడ్ డాలర్ మంచి సరుకైంది గానీ డబ్బు కాలేకపోయింది. పైగా చైనా వర్తకులకు అలవాటైన ముఖం మెక్సికో డాలర్ మీది గద్దదే. ఒక పిసరు వెండి ఎక్కువిచ్చినంత మాత్రాన అలవాటు మారదు. 1878లో జపాన్ వెనక్కి తగ్గి మళ్లీ 416కే వచ్చింది. ఫ్రెంచ్ వాళ్లు ఇండోచైనాలో 1885లో ఇదే 27.2 గ్రాముల బరువుతో మొదలుపెట్టి, అక్కడా బరువు బిళ్లలు మాయమవుతుంటే 1895లో 27కు దించారు. పక్కింటివాడి దెబ్బ చూసి కూడా ఎవరూ నేర్చుకోరు, అదేం విచిత్రమో.

మీ బిళ్ల ఫోటోలో నేను చదవగలిగినంత వరకు అది మెయిజీ 9వ సంవత్సరం, అంటే 1876. ఎలా చదవాలంటే, డ్రాగన్ వైపు పైన ఉన్న జపాన్ అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. చివరిది "సంవత్సరం", దాని ముందుది అంకె. ఒకటి, రెండు, మూడు అడ్డగీతలు ఉంటే 1, 2, 3. కూడిక గుర్తులా ఉంటే 10. వచ్చిన అంకెకు 1867 కలపండి. ట్రేడ్ డాలర్ అని ఉన్న నాణెంపై 8, 9, 10 తప్ప వేరే అంకె ఉంటే ఇంకేం చూడక్కర్లేదు, నకిలీయే. చేసేవాళ్లకు జపాన్ అంకెలు రావు. ఏ అచ్చు దొరికితే అది కలిపేస్తారు.

నేను మోసపోయిన కథ ఇక్కడే చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందట ఒక పెద్ద ఊళ్లో పేవ్‌మెంట్ మీద సరిగ్గా మీరు చెప్పినలాంటి బిళ్ల కొన్నాను. డ్రాగన్ బాగానే ఉంది, కాస్త నల్లగా పాతబడినట్టుగా కూడా ఉంది. అమ్మినాయన "జమీందారు ఇంటి సరుకు సార్" అన్నాడు. ఇంటికొచ్చి తూస్తే 21 గ్రాములు. రాగి, నికెల్ కలిపి పోత పోసింది. ఆ నలుపు కూడా ఏదో మందు రాసి తెచ్చిందే. ఆ రోజుల్లో నా జీతంలో అదొక మంచి ముక్క, ఇంట్లో చెప్పడానికి వారం పట్టింది. ఇప్పటికీ ఆ బిళ్ల నా బల్లమీదే ఉంటుంది, కాగితాలు ఎగిరిపోకుండా. ఈ మధ్య వచ్చే నకిలీలు మరీ ముదిరాయి, బరువు కూడా సరిగ్గా కుదురుస్తున్నారు. అందుకే తూకం ఒక్కటి చాలదన్నాను.

కాబట్టి నీళ్ల పరీక్ష చేయండి. వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు కాదు, కంసాలి దగ్గరుండే చిన్న త్రాసు కావాలి. దాని మీద గ్లాసులో నీళ్లు పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారానికి కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా వేలాడదీయండి. త్రాసు ఒక అంకె చూపిస్తుంది. నాణెం బరువును ఆ అంకెతో భాగించండి. 90 శాతం వెండి అయితే జవాబు 10.3 దగ్గర రావాలి. అంటే మీ బిళ్లకు త్రాసు 2.63 చుట్టుపక్కల చూపాలి. 3 దాటితే అది రాగి నికెలో మరొకటో. నాణేనికి ఏ హానీ ఉండదు. గీటురాయి మీద గీయించడం, అంచు కాస్త కోసి చూడటం మాత్రం వద్దే వద్దు. అయస్కాంతం కూడా పెట్టి చూడండి. అంటుకుంటే వెండి కాదు, కథ కంచికి. అంటుకోనంత మాత్రాన వెండి అని కాదు. వ్యాసం 38.6 మిల్లీమీటర్లు ఉండాలి. అంచు గీతలు చుట్టూ ఒకే దూరంలో ఉండాలి, ఎక్కడా అతుకు కనబడకూడదు.

బిళ్ల మీద అక్కడక్కడా చిన్న చిన్న పోట్లు కొట్టినట్టు గుర్తులున్నాయని కూడా రాశారు. కంగారు పడకండి. చైనా షరాబులు వెండి పరీక్షించి తమ వంతుగా ఒక ముద్ర గుద్దేవాళ్లు. షరాబు అనే మన మాటే రూపు మారి హాంకాంగ్ దాకా పోయింది, అక్కడ ఇప్పటికీ డబ్బు కట్టే కిటికీని "ష్రాఫ్" అంటారు. ఆ ముద్రలు కొందరికి మచ్చలు, కొందరికి ఆభరణాలు. వాటినే వెతికి కొనేవాళ్లున్నారు.

ఇంకోటి, ఇది మీ బిళ్లకు కాదు, యెన్ నాణేలున్న మిగతావాళ్లకు. గుండ్రటి గీత లోపల ఒకే ఒక్క అక్షరం గుద్ది ఉంటే అది షరాబు పని కాదు, ప్రభుత్వానిదే. దాని వెనుక కథ చాలా ఉంది గానీ కుదించి చెప్తాను. 1877 అంతర్యుద్ధం ఖర్చుకు కాగితం నోట్లు తెగ అచ్చేయడంతో 1881 నాటికి ఒక వెండి యెన్‌కు కాగితం 1 యెన్ 70 సెన్‌ల దాకా ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఏడే ఆర్థికమంత్రి అయిన మత్సుకత మసయోషి ఖర్చులు బిగించాడు. 1882లో బ్యాంక్ ఆఫ్ జపాన్ పెట్టాడు. 1885లో ఆ బ్యాంకు ఇచ్చిన నోటుకు వెండి ఇస్తామని పూచీ పడ్డాడు. ఈలోగా ప్రపంచంలో వెండి ధర పడిపోతూ వచ్చింది. 1894-95 యుద్ధంలో గెలిచి చైనా నుంచి రాబట్టిన పరిహారాన్ని లండన్‌లో పౌండ్లలో తీసుకుని, దాన్ని ఆసరా చేసుకుని 1897 అక్టోబర్ 1 నుంచి బంగారం పద్ధతిలోకి మారారు. ఈసారి యెన్‌కు 0.75 గ్రాములు, 1871 నాటికి సగం. వెండి యెన్‌లను వెనక్కి తీసుకుని, కొన్నింటిపై "వెండి" అనే అక్షరం గుద్ది తైవాన్ లాంటి చోట్లకు పంపారు. తిరిగొచ్చి మళ్లీ బంగారం అడక్కుండా అన్నమాట. ముద్ర ఎడమవైపుంటే ఒసాకా, కుడివైపుంటే టోక్యో.

మీ తాతమ్మగారి నాన్నగారికి ఇది ఎలా చేరిందో నాణెం చెప్పదు. కానీ వింతేమీ కాదు. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి మలయా తోటలకు మనవాళ్లు ఎందరో వెళ్లారు. పినాంగ్, సింగపూర్‌లలో మెక్సికో, జపాన్ బిళ్లలు చేతులు మారుతూనే ఉండేవి. 1903లో అక్కడి సొంత డాలర్ వచ్చాకే ఈ పరాయి బిళ్లలు తప్పుకున్నాయి. అలాంటి ఇళ్లలోనే త్రిశూలం పట్టుకున్న దేవతలాంటి ఆవిడ నిలబడ్డ వెండి బిళ్లలు కూడా దొరుకుతుంటాయి. అవి బ్రిటిష్ ట్రేడ్ డాలర్లు, 1895 నుంచి వేసినవి. ఎక్కువ భాగం బొంబాయి టంకశాలలోనే తయారయ్యాయి. మీ పెట్టెలో ఇంకోసారి వెతకండి.

ఇక ధర. మీ బిళ్లలో అసలు వెండి సుమారు 24.4 గ్రాములు, మన పాత రూపాయిలో ఉన్నదానికి రెండింతలు దాటి. ఈ రోజు వెండి రేటుతో గుణిస్తే వచ్చేది అడుగు ధర. కంసాలి అదే ఇస్తానంటాడు, అతని తప్పు లేదు. సేకరించేవాళ్లు దానికి చాలా ఎక్కువే పెడతారు. మూడేళ్లే వేశారు, అందులోనూ కరిగిపోయినవి పోగా మిగిలినవి కదా. మామూలు యెన్ కంటే ట్రేడ్ డాలర్ అరుదు. ఎంత ఎక్కువన్నది పొలుసులు ఎంత నిలిచాయి, ఎవరైనా తోమారా, కొండీ టంకం వేశారా అన్నదాన్ని బట్టి. ఫోటో చూసి అంకె చెప్పేవాళ్లను నమ్మకండి. నాతో సహా.

తోమడం గురించి మళ్లీ చెప్తున్నాను. కుర్రతనంలో మెయిజీ 7 యెన్ ఒకటి నా చేతికొస్తే, మెరిపిద్దామని చింతపండు, ముగ్గుపిండి వేసి రుద్దాను. కొత్త గిన్నెలా తళతళలాడింది. ఒక పాత వ్యాపారికి గర్వంగా చూపిస్తే చేత్తో తిప్పి చూసి, "బాబూ, ఇప్పుడిది వెండి" అన్నాడు. ఆ నలుపు నూరేళ్ల చర్మం. ఒలిస్తే మళ్లీ రాదు.

అమ్మే ఆలోచన ఉంటే ఒక జాగ్రత్త. వందేళ్లు దాటిన నాణెం మన 1972 చట్టం ప్రకారం పురావస్తువు. మన దేశంలో కొనొచ్చు, అమ్మొచ్చు గానీ సొంతంగా విదేశాలకు పంపకూడదు. "అమెరికా పంపించండి, సర్టిఫికెట్ తెప్పిస్తాం" అని ఎవరైనా కొరియర్ అడ్రస్ ఇస్తే టెన్షన్ కొని తెచ్చుకోకండి.

ముందు నీళ్ల పరీక్ష చేసి త్రాసు ఎంత చూపించిందో ఇక్కడే రాయండి. అంచు ఫోటో ఒకటి, డ్రాగన్ మెడ దగ్గర పొలుసుల ఫోటో ఒకటి పెట్టండి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. 2.6 దగ్గర వస్తే మీ అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. 3 దాటితే నాకు చెప్పండి, నా బల్లమీద దానికి తోడు పెట్టుకుంటాను.